బాబు కంట్లో నీరు కారుతుంటే కన్నీటి నాళం ఒక్కటే కాదు, రెండు కళ్ళ పవర్ కూడా చూపించాలి

మీరు అడిగింది ఇదీ: బాబుకు 11 నెలలు. పుట్టిన మూడో వారం నుంచి ఎడమ కంట్లో నీరు కారుతోంది, పొద్దున లేచేసరికి పుసి కట్టి రెప్పలు అంటుకుపోతున్నాయి. మసాజ్ చేస్తే కొంత తగ్గుతుంది, జలుబు చేయగానే మళ్ళీ మొదలవుతుంది. కంటి డాక్టర్ ఇప్పుడు రెండు మాటలు చెప్పారు. ఏడాది దాటినా తగ్గకపోతే మత్తిచ్చి ప్రోబింగ్ (మూసుకున్న కన్నీటి నాళాన్ని సన్నని తీగతో తెరవడం) చేద్దామన్నారు, ఈలోగా అట్రోపిన్ అనే కంటి మందు వేసి రెండు కళ్ళ పవర్ చూద్దాం, లేజీ ఐ (ఒక కంటి చూపు సరిగా ఎదగకపోవడం) రిస్క్ ఉంటుంది అన్నారు. మీ అత్తగారేమో "అదే పోతుంది, ఇంత పసివాడికి మత్తేమిటి, పవర్ చూడడమేమిటి" అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

నేను పిల్లల కంటి విభాగంలో చాలా ఏళ్ళుగా ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. ప్రోబింగ్ చేసేది డాక్టర్లు. పసిపిల్లల పవర్ చూడడం, కళ్ళజోడు, ప్యాచ్ (మంచి కన్ను మూసి ఉంచే పట్టీ) మొదలుపెట్టాక ఏళ్ళ తరబడి వాళ్ళ చూపు ఎలా ఉందో చూసుకుంటూ రావడం మా పని. కాబట్టి మీ ప్రశ్నలో రెండో భాగం గురించే ఎక్కువ చెబుతాను, తల్లిదండ్రులు వదిలేసేది కూడా ఎక్కువగా అదే.

మీ అత్తగారు నాళం విషయంలో చాలావరకు నిజమే చెబుతున్నారు, అది దానంతట అదే తెరుచుకునే అవకాశం బాగా ఎక్కువ. పవర్ పరీక్ష మాత్రం నాళం తెరుచుకునేదాకా ఆపేది కాదు. ప్రోబింగ్‌కి ఒకటి రెండు నెలలు ఆగినా నష్టం లేదు, పవర్ మాత్రం డాక్టర్ చెప్పినప్పుడే చూపించండి.

ముందు నాళం సంగతి. కన్నీరు కంటి లోపలి మూలలో, పై రెప్పకూ కింది రెప్పకూ ఉన్న సన్నని రంధ్రాల్లోంచి దిగి, ముక్కు పక్కన ఉన్న చిన్న తిత్తిలోకి చేరి, అక్కడి నుంచి నాళం ద్వారా ముక్కు లోపలికి పోతుంది. మనం ఏడిస్తే ముక్కు కారేది అందుకే. ఈ నాళం ముక్కులోకి తెరుచుకునే చివర ఒక పలుచని పొర ఉంటుంది. పుట్టేనాటికి అది విడిపోవాలి, కొందరిలో విడిపోదు. పుట్టిన మొదటి రెండు మూడు వారాలు కన్నీరు పెద్దగా ఊరదు కాబట్టి అప్పటికి ఏమీ తెలియదు, మీకు మూడో వారంలో కనిపించడం అందుకే. కిందికి పోయే దారి లేక నీరు చెంప మీదికి కారుతుంది, తిత్తిలో నిలిచిన నీటిలో సూక్ష్మక్రిములు చేరి పుసిగా బయటికి వస్తుంది. జలుబు చేస్తే ముక్కు లోపలి పొర వాచి, కాస్తో కూస్తో తెరుచుకున్న దారి కూడా మూసుకుంటుంది. అందుకే మీ బాబుకు జలుబుతో మళ్ళీ మొదలవుతోంది. మసాజ్ పనిచేయలేదని దానర్థం కాదు.

ఇది చాలామంది పిల్లల్లో కనిపించేదే. నూటికి 5 నుంచి 20 మంది పసిపిల్లల్లో ఏదో ఒక స్థాయిలో ఉంటుందని లెక్కలు చెబుతాయి, వాళ్ళలో 90 శాతం దాకా ఏడాది లోపు మామూలైపోతారు. ఆరు నుంచి పది నెలల మధ్య వయసులో ఇంకా నీరు కారుతున్న పిల్లలను ఆపరేషన్ లేకుండా మసాజ్‌తో ఆరు నెలలు గమనిస్తే, మూడింట రెండు వంతుల మందికి తగ్గిపోయినట్టు అమెరికాలో అనేక ఆసుపత్రులు కలిసి చేసిన పరిశోధనలో తేలింది. మీ బాబుకు ఇంకా ఏడాది నిండలేదు కాబట్టి ఆశ వదులుకోనక్కర్లేదు.

మసాజ్ గురించి ఆగి చెప్పాలి, ఎందుకంటే "చేస్తున్నాం" అని వచ్చేవాళ్ళను చేసి చూపించమంటే చాలామంది ముక్కు పైచర్మాన్ని సున్నితంగా రుద్దుతుంటారు. దానివల్ల ఏమీ జరగదు. మీ చూపుడు వేలును కంటి లోపలి మూలకూ ముక్కు ఎముకకూ మధ్య ఉన్న గుంటలో పెట్టండి. అక్కడ లోపలికి, కాస్త వెనక్కి నొక్కితే వేలి కింద తిత్తి ఉంటుంది. నొక్కు వదలకుండా వేలిని ముక్కు పక్కనుంచి కిందికి దించండి. మీ గోరు చివర కొంచెం తెల్లబడేంత ఒత్తిడి ఉండాలి. చర్మం మీద వేలు జారిపోతుంటే ఒత్తిడి చాలదు, చర్మం కూడా వేలితో పాటే కదలాలి. పైనుంచి కిందికే దించాలి, మళ్ళీ పైకి రుద్దకూడదు. ఒక్కోసారి పది సార్లు, రోజుకు మూడు నాలుగు విడతలు. పాలు తాగేటప్పుడో, నిద్రలోకి జారుకునేటప్పుడో చేస్తే బాబు తల తిప్పకుండా ఉంటాడు. గోళ్ళు పూర్తిగా కత్తిరించుకుని చేతులు సబ్బుతో కడుక్కున్నాకే వేలు పెట్టాలి.

మొదటి నొక్కులోనే కంటి మూల నుంచి పసుపు పచ్చ పుసి బయటికి వస్తే కంగారు పడకండి, తిత్తిలో నిలిచింది బయటపడుతోందంతే. కాచి చల్లార్చిన నీటిలో తడిపిన శుభ్రమైన దూదితో లోపలి మూల నుంచి బయటికి ఒక్కసారి తుడిచి ఆ దూది పారేయండి, రెండో తుడుపుకు కొత్త దూది తీసుకోండి. డాక్టర్ యాంటీబయాటిక్ చుక్కలు రాసి ఉంటే మసాజ్ చేసి తుడిచిన తర్వాతే వేయాలి. ముందే వేస్తే ఆ మందు కూడా పుసితో పాటు తుడుచుకుపోతుంది. ఆ చుక్కలు పుసి ఎక్కువగా ఉన్న రోజులకు మాత్రమే. అవి నాళాన్ని తెరవవు, నెలల తరబడి వాడాల్సినవీ కావు.

కంట్లో చనుబాలు పిండడం, ఆముదం వేయడం, కాటుక పెట్టడం, ఈ మూడూ ఆపేయండి. ప్రేమతో చేసేవే, తెలుసు. కానీ దారి మూసుకున్న కంట్లో ఏది వేసినా కిందికి పోక అక్కడే నిలిచి క్రిములకు ఆహారమవుతుంది. బజారు కాటుకల్లో కొన్నిటిలో సీసం కూడా ఉంటుంది. ఇంతకన్నా పెద్ద ప్రమాదం మెడికల్ షాపులో "పాప కన్ను ఎర్రగా ఉంది" అని చెప్పి తెచ్చుకునే చుక్కలు. వాటిలో చాలావాటిలో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వేసిన రోజే కన్ను తెల్లగా అవుతుంది, దాంతో నెలల తరబడి అవే వాడతారు. స్టెరాయిడ్ వల్ల కంటి లోపలి ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావచ్చు, పసిపిల్లల్లో ఇది పైకి తెలియదు. చీటీ లేకుండా కొన్న చుక్కలు ఇంట్లో ఉంటే తీసుకెళ్ళి మీ డాక్టర్‌కు చూపించండి.

నీరు కారే ప్రతి కన్నూ నాళం మూసుకున్న కన్ను కాదు. వెలుతురు చూడగానే బాబు కళ్ళు గట్టిగా మూసుకుని తల మీ భుజంలో దాచుకుంటున్నాడా, నల్లగుడ్డు రెండో కంటికంటే పెద్దదిగా ఉందా, దాని మీద పొగ పట్టినట్టు మసక ఉందా, పుసి లేకుండా వట్టి నీరే కారుతోందా అన్నది చూడండి. ఇవి పుట్టుకతో వచ్చే నీటికాసుల (గ్లాకోమా) లక్షణాలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్ళాలి. మన దగ్గర ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు సుమారు పది వేల మంది పిల్లల్లో ఒకరికి వస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అధ్యయనంలో 3,300 మందిలో ఒకరికి ఉన్నట్టు తేలింది. మేనరికం పెళ్ళిళ్ళు ఎక్కువగా ఉండే కుటుంబాల్లో ఇది ఎక్కువ. మీ డాక్టర్ బాబు కన్ను చూసి నాళమే అన్నారు కాబట్టి మీకు ఆ భయం అక్కర్లేదు. కానీ ఇలాంటి కన్నున్న పసివాళ్ళు మరెక్కడైనా ఉండి, ఎవరికీ చూపించకుండా మసాజ్ ఒక్కటే చేస్తూ ఉంటే వాళ్ళకు ఈ మాట చేరాలి. అలాగే కంటి మూల ఎర్రగా ఉబ్బి ముట్టుకుంటే ఏడుస్తూ, జ్వరం ఉంటే తిత్తికి ఇన్‌ఫెక్షన్ ముదిరినట్టు. అప్పుడు మసాజ్ చేయకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పుట్టిన కొద్ది రోజులకే అక్కడ నీలంగా ఉబ్బు కనిపించినా, పుట్టిన నెల లోపు రెప్పలు వాచి చీము ధారగా వస్తున్నా అంతే.

ఇక లేజీ ఐ.

పుట్టినప్పుడు పిల్లలకు చూపు పూర్తిగా తయారై ఉండదు. కన్ను పంపే బొమ్మను చదవడం మెదడు మొదటి కొన్నేళ్ళలో నేర్చుకుంటుంది. రెండు కళ్ళ నుంచీ సమానంగా స్పష్టమైన బొమ్మ వస్తే రెండింటినీ సమానంగా నేర్చుకుంటుంది. ఒక కంటి బొమ్మ ఎప్పుడూ మసకగానే వస్తుంటే మెదడు దాన్ని పక్కనపెట్టి రెండో కంటితోనే పని కానిచ్చేస్తుంది. కొన్నేళ్ళకు ఆ కంటికి సరైన అద్దం పెట్టినా పూర్తి చూపు రాదు, ఎందుకంటే ఆ కంటి బొమ్మను చదవడం మెదడుకు అలవాటు కాలేదు. కన్ను బయటికి నిక్షేపంగా ఉంటుంది. పిల్లల్లో సుమారు నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది.

చాలామంది లేజీ ఐ అంటే మెల్లకన్ను అనుకుంటారు. "మా వాడి కళ్ళు తిన్నగానే ఉన్నాయి కదా" అంటారు. మెల్ల ఉన్న పిల్లల్లో లేజీ ఐ రావచ్చు, నిజమే. కానీ రెండు కళ్ళ పవర్ మధ్య తేడా వల్ల వచ్చే లేజీ ఐలో కళ్ళు తిన్నగా, అందంగా ఉంటాయి. బాబు పరిగెడతాడు, నేల మీద చీమను కూడా వేలితో చూపిస్తాడు, ఫోన్‌లో బొమ్మలు చూస్తాడు. మంచి కన్ను ఒక్కటే ఇవన్నీ చేసిపెడుతుంది. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు.

ఈ తేడా ఎలా దెబ్బ తీస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. పసిపిల్లలకు కొంత ప్లస్ పవర్ ఉండడం మామూలే, వయసుతో తగ్గుతుంది. రెండు కళ్ళలోనూ ఒకేలా ఉంటే పెద్ద ఇబ్బంది లేదు, కంటి లోపలి కండరం బిగిసి దాన్ని సరిచేసుకుంటుంది. ఇప్పుడు కుడి కన్ను ప్లస్ 1.5, ఎడమ కన్ను ప్లస్ 4 అనుకోండి. కండరానికి బిగుసుకొమ్మని వచ్చే ఆదేశం రెండు కళ్ళకూ ఒకటే. ఏ కంటికి తక్కువ శ్రమతో పని అవుతుందో మెదడు దాన్ని బట్టే ఆదేశమిస్తుంది. కుడి కన్ను స్పష్టమయ్యేంత బిగిస్తే ఎడమ కన్నుకు ఇంకా 2.5 మిగిలిపోతుంది. దూరం చూసినా, చేతిలో బొమ్మ చూసినా, తల్లి ముఖం చూసినా ఆ మిగులు అలాగే ఉంటుంది. అంటే ఎడమ కంటికి రోజంతా ఒక్క క్షణం కూడా స్పష్టమైన బొమ్మ అందదు. మైనస్ పవర్ తేడాలో కనీసం దగ్గరి వస్తువులైనా ఆ కంటికి తేటగా కనిపిస్తాయి, ప్లస్ తేడాలో అది కూడా ఉండదు. అందుకే ప్లస్ తేడాకు మేము ఎక్కువ భయపడతాం.

దీనికీ నాళానికీ సంబంధం ఏమిటన్నదే మీ అసలు అనుమానం. కన్నీటి నాళం మూసుకున్న పిల్లల్లో ఇలాంటి పవర్ తేడాలు మామూలు పిల్లలకంటే ఎక్కువగా కనిపించాయని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. 2010, 2011లో అమెరికా నుంచి వచ్చిన రెండు ఆసుపత్రి లెక్కల్లో ఇలాంటి పిల్లల్లో సుమారు ప్రతి ఐదుగురిలో ఒకరికి లేజీ ఐకి దారితీసే అంశం ఏదో ఒకటి ఉంది. అంతకుముందు వచ్చిన కొన్ని లెక్కల్లో ఇది నూటికి నాలుగైదుకు మించలేదు. పెద్ద కంటి ఆసుపత్రికి చేరేది మొండి కేసులు కాబట్టి అక్కడి అంకెలు సహజంగానే ఎక్కువ ఉంటాయి. ఇంకో మాట, రిస్క్ ఉండడం వేరు, లేజీ ఐ రావడం వేరు. ఐదుగురిలో ఒకరన్నది రిస్క్ లెక్క మాత్రమే, అది చూసి నిద్ర పాడుచేసుకోకండి.

తేడా ఉన్నప్పుడు నాళం మూసుకున్న వైపు కంటికే ప్లస్ పవర్ ఎక్కువగా ఉండడం తరచుగా చూస్తాం. దానికి కారణం ఇంకా తేలలేదు. నెలల తరబడి నిలిచిన నీరు, పుసి, పూసే ఆయింట్‌మెంట్ వల్ల బొమ్మ మసకబారి, ప్లస్ పవర్ సహజంగా తగ్గాల్సిన తీరు దెబ్బతింటుందని కొందరి వాదన. రెండూ పుట్టుకతోనే కలిసి వచ్చి ఉండొచ్చని ఇంకొందరి వాదన. తల్లిగా మీరు చేయాల్సింది మాత్రం రెండు వాదనల్లోనూ ఒకటే. నాళం తెరుచుకుని నీరు ఆగిపోయినా పవర్ తేడా దానంతట అది పోతుందన్న హామీ లేదు. నీరు ఆగిందని సంతోషించి ఆసుపత్రికి రావడం మానేసిన పిల్లలే తర్వాత మా దగ్గరికి ఆలస్యంగా వస్తారు.

అలా వచ్చిన ఒక పాప సంగతి చెబుతాను. రెండో తరగతి. స్కూల్లో కంటి పరీక్ష పెట్టి, ఒక కన్ను మూసి చదవమంటే పై రెండు వరుసలు దాటలేదని చీటీ రాసి పంపారు. వాళ్ళమ్మ నమ్మలేదు, పాప క్లాసులో బాగా చదువుతుంది. నేను మంచి కన్ను మూసి చార్ట్ చూపిస్తే పాప ముందు నవ్వింది, తర్వాత మెడ అటూ ఇటూ తిప్పి మూసిన అద్దం పక్కనుంచి తొంగి చూడబోయింది. చివరికి "అక్కడ ఏమీ లేదు" అంది. వివరాలు అడుగుతుంటే ఆ తల్లి చెప్పింది, పసితనంలో ఆ కన్నే నీరు కారేదట, ఏడాదిన్నరకు దానంతట అదే తగ్గిపోయిందట. కళ్ళజోడు, ప్యాచ్ పెట్టాక చూపు బాగానే మెరుగుపడింది, అయితే మంచి కంటి స్థాయికి రాలేదు. అదే పవర్ తేడా రెండేళ్ళ వయసులో తెలిసి ఉంటే కళ్ళజోడుతోనే చాలావరకు సరిపోయేదేమో. స్కూల్ పరీక్షలు, కంటి వెలుగు లాంటి శిబిరాలు మంచివే, కానీ స్కూల్‌కి వెళ్ళే వయసొచ్చేసరికి మెదడు నేర్చుకునే కాలంలో చాలా భాగం గడిచిపోతుంది. అంగన్‌వాడీలకు పిల్లల ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందాలు ఏడాదికి రెండుసార్లు వస్తాయి, అక్కడ కూడా పాప కన్ను పసితనంలో నీరు కారేదని మీరే నోరు తెరిచి చెప్పాలి.

11 నెలల పిల్లాడు అక్షరాలు చదవడు కదా, పవర్ ఎలా చూస్తారని అడిగారు. బాబు చెప్పాల్సిన అవసరమే లేదు. గది చీకటి చేసి, వాడిని మీ ఒళ్ళో కూర్చోబెట్టుకోమంటాం. ఎదురుగా ఎవరైనా గిలక్కాయో, ఫోన్‌లో బొమ్మలో ఆడిస్తారు. మేము రెటినోస్కోప్ అనే చిన్న లైటుతో కంటిపాపలోకి ఒక గీతలా వెలుతురు వేసి అటూ ఇటూ కదిలిస్తాం. లోపలి నుంచి నారింజ రంగు మెరుపు తిరిగి వస్తుంది. ఆ మెరుపు మా లైటుతో పాటు కదులుతుందా, ఎదురు కదులుతుందా చూసి, కంటి ముందు ఒక్కో అద్దం పెడుతూ పోతే ఎక్కడ ఆ కదలిక ఆగిపోతుందో అక్కడ పవర్ తెలుస్తుంది. బాబు సహకరిస్తే ఒక్కో కంటికి నిమిషం కూడా పట్టదు. అయితే ఇందాక చెప్పిన కండరం బిగుసుకుని ఉంటే ప్లస్ పవర్ దాక్కుంటుంది. దాన్ని వదులు చేయడానికే అట్రోపిన్. ఆసుపత్రిలోనే వేసే వేరే చుక్కలూ ఉన్నాయి, ఏది వాడాలన్నది డాక్టర్ ఇష్టం.

ఇంటికి అట్రోపిన్ ఆయింట్‌మెంట్ రాసిస్తే సాధారణంగా పరీక్షకు ముందు మూడు రోజులు వేయమంటారు. బియ్యపు గింజలో సగమంత చాలు, కింది రెప్ప కాస్త లాగి లోపల పెట్టండి. చెంపకు అంటినది తుడిచేయండి, మీ చేతులు కడుక్కోండి, బాబు చేతికి అంటకుండా చూడండి. పరీక్ష రోజు పొద్దున వేయవద్దని చాలామంది డాక్టర్లు చెబుతారు, మీ చీటీలో ఏముందో చూసుకోండి. ముఖం ఎర్రగా కందిపోయి ఒళ్ళు వేడెక్కితే, నోరు ఎండిపోతుంటే, చిరాకుగా ఏడుస్తుంటే ఆయింట్‌మెంట్ ఆపి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి. జ్వరం ఉన్నప్పుడు అసలు మొదలుపెట్టకండి. ట్యూబ్ పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి, నోట్లోకి పోతే అది విషమే. కంటిపాప వారం పది రోజులు పెద్దదిగా ఉంటుంది, ఎండలో కళ్ళు చిట్లిస్తాడు, తర్వాత మామూలవుతుంది. చూపుకు దీనివల్ల హాని లేదు.

పరీక్ష అయ్యాక "పవర్ ఉందా" అని ఒక్కటే అడగకండి. "కుడి కంటికి ఎంత, ఎడమ కంటికి ఎంత, తేడా ఎంత, మళ్ళీ ఎప్పుడు రావాలి" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. తేడా ఒకటి, ఒకటిన్నర దాటితే డాక్టర్లు జాగ్రత్తగా గమనిస్తారు, వయసును బట్టి, తేడా ఎంతుందన్న దాన్ని బట్టి కళ్ళజోడు అవసరమో కాదో తేలుస్తారు. ఈసారి తేడా లేదన్నా అంతటితో వదిలేయకండి. రెండేళ్ళ వయసులో ఒకసారి, మూడు నాలుగేళ్ళ మధ్య ఇంకోసారి చూపించండి. మీ ఇద్దరిలో ఎవరికైనా చిన్నప్పటి నుంచే కళ్ళజోడు ఉన్నా, మెల్ల ఉన్నా, చిన్నప్పుడు ప్యాచ్ కట్టించినా ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి.

ఇంట్లో మీరు చూడగలిగింది ఒకటుంది. బాబు హుషారుగా ఆడుతున్నప్పుడు మీ అరచేతితో ఒక కన్ను మూయండి, కాసేపాగి రెండోది మూయండి. ఒక కన్ను మూసినప్పుడు పట్టించుకోకుండా ఆడుకుని, రెండో కన్ను మూయగానే చెయ్యి తోసేసి ఏడుస్తుంటే, అదీ ప్రతిసారీ ఒకే వైపైతే, తెరిచి ఉన్న కంటికి సరిగా కనిపించడం లేదని అనుమానించాలి. ఏడవలేదంటే అంతా బాగుందని మాత్రం కాదు, చిన్న తేడాలు ఇలా దొరకవు. ఫ్లాష్‌తో తీసిన ఫొటోల్లో ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా మెరుస్తుంటే ఆలస్యం చేయకండి, ఆ ఫొటోతో సహా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

మత్తు భయం గురించి. ప్రోబింగ్ అంటే సన్నని, మొద్దుగా ఉండే లోహపు తీగను రెప్ప మీది రంధ్రంలోంచి నాళంలోకి దింపి ఆ చివరి పొరను తెరవడం. కోత ఉండదు, కుట్లు ఉండవు. పని కొన్ని నిమిషాలదే, అయినా బాబు కదలకూడదు కాబట్టి మత్తిస్తారు. చాలాచోట్ల ఏడాది దాటిన పిల్లలకే చేస్తారు. పిల్లలకు మత్తివ్వడంలో అనుభవమున్న డాక్టర్ ఉన్నారా అని నిర్మొహమాటంగా అడగండి, అది మీ హక్కు. తల్లిపాలు నాలుగు గంటల ముందు, డబ్బా పాలు, ఘనాహారం ఆరు గంటల ముందు ఆపాలని సాధారణ నియమం. మీ ఆసుపత్రి ఏ టైము చెబితే అది కచ్చితంగా పాటించండి. "ఏడుస్తున్నాడు, కొంచెం పాలు పట్టాం" అన్న మాట దాచితే మత్తులో ప్రమాదం. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే వాయిదా వేయించుకోండి. ఆ రోజే ఇంటికి పంపుతారు, ఒకటి రెండు రోజులు ముక్కు నుంచి కొంచెం ఎరుపు కలిసిన నీరు రావచ్చు. ఎక్కువమందికి ఒక్కసారితోనే తగ్గిపోతుంది. తగ్గనివాళ్ళకు మళ్ళీ ప్రోబింగ్, సిలికాన్ గొట్టం పెట్టడం లాంటి దారులున్నాయి. బాగా పెద్దయ్యేదాకా ఆగితే మొదటి ప్రోబింగ్‌తోనే తగ్గే అవకాశం కొంత తగ్గుతుంది కాబట్టి మూడేళ్ళు, నాలుగేళ్ళు అంటూ సాగదీయవద్దు. మొండి కేసులకు హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కన్నీటి నాళాలకే ప్రత్యేక విభాగం ఉంది. ప్రభుత్వంలో చూపించుకునేవారికి హైదరాబాద్‌లో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖలో ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి. ప్రోబింగ్ కోసం ఎలాగూ మత్తిస్తున్నప్పుడు అదే మత్తులో పవర్ కూడా ఇంకోసారి చూడగలరా అని అడగండి. మెలకువలో అసలు కన్ను తెరవని పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది.

ఒకవేళ కళ్ళజోడు రాస్తే "ఇంత చిన్నోడికి కళ్ళజోడా" అనేవాళ్ళు ఇంట్లోనూ, పెళ్ళిళ్ళలోనూ చాలామంది ఉంటారు. వాళ్ళకు సమాధానం చెప్పడం కంటే జోడు ముక్కు మీద నిలిచేలా చూసుకోవడం ముఖ్యం. ఏడాది పిల్లలకు మెత్తటి ఫ్రేములు, తల వెనక నుంచి పట్టే ఎలాస్టిక్ పట్టీతో దొరుకుతాయి. మొదటి వారం పీకేస్తారు. పాలు తాగేటప్పుడు, ఆట మధ్యలో మళ్ళీ పెడుతూ ఉండండి, తేటగా కనిపించడం తెలిశాక చాలామంది వాళ్ళే ఉంచుకుంటారు. లేజీ ఐ మొదలైపోయినా మొదటి మందు కళ్ళజోడే. పవర్ తేడా వల్ల వచ్చిన లేజీ ఐ ఉన్న పిల్లల్లో సుమారు పావు వంతు మందికి కళ్ళజోడుతోనే పూర్తిగా సరిపోయినట్టు పరిశోధనలున్నాయి. చాలనివాళ్ళకు మంచి కంటికి ప్యాచ్. ఓ మోస్తరు లేజీ ఐ ఉన్న పిల్లలకు రోజుకు రెండు గంటల ప్యాచ్ ఆరు గంటల ప్యాచ్‌తో సమానంగా పనిచేసిందని 2003లో వచ్చిన పెద్ద పరిశోధనలో తేలింది. కాబట్టి రోజంతా కట్టి పిల్లాడిని ఏడిపించాలేమో అని ముందే భయపడకండి. ఏడేళ్ళ లోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది, తర్వాత కూడా కొందరికి మెరుగవుతుంది, అయితే ఎక్కువ కష్టపడాలి.

మీ డాక్టర్ మంచి సలహా ఇచ్చారు. ఈ నెలలో పవర్ పరీక్షకు తేదీ తీసుకోండి, మసాజ్ పైన చెప్పినట్టు సరిగా కొనసాగించండి. ప్రోబింగ్ నిర్ణయం ఏడాది దాటాక బాబు కన్ను ఎలా ఉందో చూసి తీసుకోవచ్చు. పరీక్ష అయ్యాక రెండు కళ్ళ అంకెలు ఇక్కడ రాయండి, వాటికి అర్థం ఏమిటో, డాక్టర్‌ను ఇంకా ఏం అడగాలో చెబుతాను.